పోలండ్ సినిమాలో నాలుగు నిమిషాలు

తొంభైల నడిమధ్యలో బహ్రెయిన్‌లోని జింజ్‌లో వీడియో కేసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపేవాణ్ణి. దుకాణం నాకు వీసా ఇచ్చిన అరబ్బు కఫీల్‌ది, నోరు నాది. అక్కడి మన తెలుగువాళ్ళు సెలవురోజు శుక్రవారం ఏ సినిమా చూడాలో చాలావరకు నేనే తేల్చేవాణ్ణి. ఎవడైనా ఒక కేసెట్ అడిగితే ఇంకోటి అంటగట్టి పంపేవాణ్ణి. వారం తిరక్కుండా వాడే వచ్చి బాగుందనేవాడు. డిగ్రీ తప్పినా ఇంగ్లీషు మాత్రం పాసయినవాణ్ణి. నాకు చేతకాని పని ఒకటుందని అప్పటిదాకా ఎవరూ నాతో అనలేదు.

ఆ దుకాణానికి ఒక పోలండ్ ఆవిడ వచ్చేది. ఆస్పత్రిలో కాళ్ళు విరిగినవాళ్ళకి మళ్ళీ నడక నేర్పడం ఆవిడ ఉద్యోగం. ఒకరోజు ఐదు కేసెట్లు తెచ్చి బల్లమీద పెట్టింది. అన్నీ వాళ్ళ దేశపు సినిమాలే. సెలవు నుంచి వస్తూ తెచ్చుకుంటే విమానాశ్రయంలో కస్టమ్స్‌వాళ్ళు తీసుకుని, రసీదు ఇచ్చి, చూసి, కొన్నాళ్ళకి తిరిగిచ్చారట.

"వీటిలో ఏమీ లేదన్నారు" అంది కోపంగా.

ఒకటి నేనూ చూశాను. వాళ్ళన్నదే నిజమనిపించింది. పాటల్లేవు, కొట్లాటల్లేవు, హీరోకి బట్టతల.

ఆవిడ పట్టుదల వేరు. ఇవి గనుల్లో, రైళ్ళలో పనిచేసేవాళ్ళ కథలు, ఇక్కడ పనిచేసేవాళ్ళే చూడాలంది. దగ్గర్లోని ఒక క్లబ్బు హాలు అడిగింది. ఆ క్లబ్బు సెక్రటరీ మలయాళీ పెద్దాయన, లెక్క తప్పని మనిషి. ఒకే సినిమా రెండు శుక్రవారాలు వేసుకోండి, రెండుసార్లూ జనం వచ్చి చివరిదాకా కూర్చుంటే నెలకో పోలండ్ సినిమాకి హాలిస్తాను, లేదంటే మళ్ళీ అడగొద్దు అన్నాడు.

"జనం సంగతి నాకొదిలెయ్యండి మేడమ్" అన్నాను. "భాష సంగతి కూడా."

భాషకి ఆవిడ దగ్గర ఒక పద్ధతుంది. వాళ్ళ టీవీలో పరాయి దేశపు సినిమా వస్తే, ఒకే ఒక్క మగమనిషి ఆడా మగా, పిల్లా పెద్దా, అందరి మాటలూ తానే చదువుతాడట. ఏడుపు మాటయినా, సరసమైనా రైలు వేళలు చదివినట్టు చదవాలి. అప్పుడే జనం చదివేవాణ్ణి మరిచిపోయి తెరమీది మనిషిని చూస్తారంది. మాటలన్నీ ఇంగ్లీషులో టైపు చేసిచ్చింది. నేను గల్లాపెట్టె దగ్గర కూర్చుని పెన్సిల్‌తో తెలుగు చేశాను. సినిమా మొత్తానికి పదకొండు కాగితాలే. మన సినిమాలో హీరో తల్లి ఒక్కతే అంతకంటే ఎక్కువ మాట్లాడుతుంది.

మొదటి శుక్రవారం కూలీల క్యాంపుల నుంచి బస్సుల్లో మనవాళ్ళు దిగారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళు ఎక్కువ. చర్చిలో ప్రార్థన ముగించుకుని గోదావరి జిల్లాల ఆడవాళ్ళు పదిహేనుమంది దాకా వచ్చారు, బహ్రెయినీల ఇళ్ళలో పనిచేసేవాళ్ళు. కుర్చీలు చాలలేదు. నేను మైకు పట్టుకుని వీడియో పక్కన కూర్చున్నాను.

కథ చిన్నది. రైలుగేటు కాపలాదారు భార్య చనిపోతుంది. పాతిపెట్టి వస్తారు, చుట్టాలు వెళ్ళిపోతారు. అతను ఒక్కడే వంటింట్లో కూర్చుని, పొయ్యిమీద గిన్నెలో మిగిలిన సూప్ తాగుతాడు. నాలుగు నిమిషాలు అంతే. కాగితంలో ఆ నాలుగు నిమిషాలకి ఒక్క మాట లేదు.

జనం కదలడం మొదలెట్టారు. ఎవడో దగ్గాడు. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? మైకు దగ్గరికి లాక్కుని ఆ బట్టతల మనిషి చేత మాట్లాడించాను. "నన్నొక్కణ్ణే ఈ లోకంలో వదిలి ఎట్లా వెళ్ళావే? ఈ గేటు ఎవరికోసం తియ్యను, ఎవరికోసం వెయ్యను?" అని గొంతు వణికిస్తూ నాలుగు నిమిషాలూ నింపేశాను. ముందు వరసల్లో ముక్కులు చీదారు. ముగిశాక చప్పట్లు. నా ఒళ్ళు పొంగిపోయింది.

పోలండ్ ఆవిడ దగ్గరికొచ్చింది. మెచ్చుకుంటుందనే అనుకున్నాను.

"ఆ నాలుగు నిమిషాలూ మీరు ఎవరి మాటలు చదివారు?" అంది.

తెలుగు ముక్క రాదు ఆవిడకి. కానీ అక్కడ ఎవరూ మాట్లాడరని తెలుసు. నాకు కోపం ముంచుకొచ్చింది. "వారంలో ఒక్కరోజు సెలవు దొరికినవాళ్ళు మేడమ్. ఒకడు సూప్ తాగుతుంటే చూస్తూ కూర్చోరు. నేను మాట్లాడకపోతే మీ హాలు ఖాళీ" అన్నాను.

"ఖాళీ కానివ్వండి. ఆ నాలుగు నిమిషాల కోసమే నేనీ కేసెట్ మోసుకొచ్చాను."

తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం అని తిట్టుకున్నాను. రెండో శుక్రవారం కాగితంలో లేని మాట ఒక్కటి వినపడినా అక్కడే ఆపేస్తానంది. సరే, మునిగితే మీ పడవే కదా అనుకుని ఒప్పుకున్నాను.

రెండో శుక్రవారం ఇంకా ఎక్కువమంది వచ్చారు. బాగా ఏడిపించే సినిమా అని క్యాంపుల్లో పేరు పడింది. చూసినవాళ్ళు కూడా మళ్ళీ వచ్చారు. వంటిల్లు వచ్చింది. మైకు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఏసీ రొద, గిన్నెకి గరిటె తగిలిన చప్పుడు.

"అన్నా, మైకు పోయిందా ఏంది?" అన్నాడొకడు వెనక నుంచి.

"సదువన్నా! పోయినవారం మస్తు సదివినవు గదనే!" అన్నాడు ఇంకొకడు.

నా చెయ్యి మైకు మీదే ఉంది. ముగ్గురు లేచి వెళ్ళిపోయారు, వాళ్ళ వెనకే ఇంకో ఇద్దరు. తలుపు దగ్గర సెక్రటరీ వాళ్ళని కళ్ళతోనే లెక్కపెడుతున్నాడు. నెలకో సినిమా అనే మాట నా కళ్ళముందే గుమ్మం దాటి పోతోందనిపించింది. చదవడానికి నోరు దురద పెట్టింది. పోలండ్ ఆవిడ నావైపు చూడనైనా చూడలేదు, తెరనే చూస్తోంది. ఎలాగో ఊరుకున్నాను. నా జీవితంలో అంతసేపు ఊరుకోవడం అదే మొదలు.

సినిమా ముగిసింది. చప్పట్లు లేవు. జనం మాట్లాడకుండా చెప్పులేసుకుని బస్సుల వైపు నడిచారు. సెక్రటరీ వచ్చి, "చూశారుగా. ఐదుగురు మధ్యలోనే పోయారు. నచ్చినట్టు ఒక్కడూ చెప్పలేదు. ఇక చాలు" అన్నాడు. నాకు బాధేసింది, దాంతోపాటు నేను చెప్పిందే జరిగిందని పాడు సంతోషం కూడా కలిగింది.

అప్పుడు రిఫాలో ఒక ఇంట్లో పనిచేసే కోనసీమ ఆవిడ నా దగ్గరికొచ్చి నిలబడింది. యాభై దాటినట్టుంటుంది. పోయినవారం ముందు వరసలో కూర్చున్న మనిషే.

"తమ్ముడూ, పోయినవారం ఈయన ఏడుస్తున్నాడని చెప్పేవు. ఏడవట్లేదయ్యా. ఆకలేసింది ఆయనకి."

నేను నోరు తెరిచేలోగా తనే అంది.

"మా ఆయన్ని మట్టిచేసి వచ్చిన రోజు నాకూ అంతే. కడుపులో ఒకటే ఆకలి. జనం ఏవనుకుంటారోనని తలుపేసుకుని తిన్నాను. సిగ్గేసి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఈయన్ని చూసేక చెప్పాలనిపించింది."

పోలండ్ ఆవిడా, సెక్రటరీ ఏమిటేమిటని అడిగారు. ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. గొంతు వణికింది, ఈసారి నేను వణికించలేదు. పోయినవారం ఆ ముందు వరసలో ఈవిడ కూర్చుని ఉండగా ఆమె ఆకలి మీద నా ఏడుపు కుమ్మరించానని తల్చుకుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

సెక్రటరీ జేబులోంచి పెన్ను తీసి నాకిచ్చాడు. "మిగతా నాలుగు సినిమాల పేర్లు రాసివ్వండి" అన్నాడు.

పోలండ్ ఆవిడ ఆ మాట విన్నట్టే లేదు. కోనసీమ ఆవిడ చెయ్యి పట్టుకుని, నాతో, "ఆ రోజు ఏం తిందో అడగండి" అంది.

అడిగాను.

"ఆయన కోసం వండిన చేపల పులుసు. ఆ పొద్దున్నే కావాలని అడిగేడు" అంది.

నేను అంతే చెప్పాను.