కర్ణభేరి వెనక పాచి

పటమటలో మా వీధి పిల్లల చెవిపోట్లన్నీ నా చేతి మీదుగానే తగ్గేవి. నువ్వుల నూనెలో వెల్లుల్లి రెబ్బలు వేసి కాచి, గోరువెచ్చగా రెండు చుక్కలు వేశానంటే ఎంతటి పోటైనా చిటికెలో మాయం. కనీసం వందమందికి వేసి ఉంటాను. సరే, వంద కాదు. నా సొంత చెవిలో ఒకసారి వేసుకున్నాను. అదీ దానంతటదే తగ్గింది.

ఈ వైద్యం మా మనవరాలి దగ్గర పారలేదు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో సంగతి. దానికి నాలుగేళ్లు. జలుబు చేసిందంటే చెవి కారేది. డాక్టరు రాసిన సిరప్ పట్టిస్తే ఆగేది. మళ్లీ జలుబు, మళ్లీ చీము. ప్రతిసారీ ఇంట్లో విచారణ జరిగేది. ఐస్‌ఫ్రూట్ కొనిపెట్టిందెవరు? తలంటి సరిగా తుడవనిదెవరు? గుణదల తిరనాళ్లకు చెవులకు గుడ్డ కట్టకుండా స్కూటరు మీద తిప్పిందెవరు? చివరి నేరం నాదే. మొదటిది కూడా నాదే.

పిలిస్తే పలికేది కాదు. “మొండిఘటం! అచ్చం నీ పోలికే నాన్నా” అనేది మా అమ్మాయి. నేను మీసం దువ్వుకునేవాణ్ణి. ఒకరోజు అది అటు తిరిగి బొమ్మలాడుకుంటుంటే, వెనక నుంచి చాక్లెట్ కాగితం గరగరలాడించాను. తిరగలేదు. ఇంకా దగ్గరికెళ్లి ఆడించాను. ఊహూఁ. చాక్లెట్ దగ్గర ఏ పిల్ల మొండితనమూ నిలవదు. దానికి వినపడటం లేదు.

చెవి డాక్టరమ్మ పరీక్ష చేసి, కర్ణభేరి వెనక జిగురు నీళ్లు నిలిచిపోయాయని, మత్తిచ్చి చిన్న గొట్టం పెట్టాలని చెప్పింది. మా అమ్మాయి మొహం పాలిపోయింది.

“ఆపరేషనెందుకమ్మా? ఇంకాస్త గట్టి సిరప్ రాయండి” అన్నాను.

“మీ డాబా మీద నీళ్ల ట్యాంకుందాండీ?”

“ఉందమ్మా.”

“లోపల పాచి పడితే బ్లీచింగ్ వేస్తే పోతుందా?”

“ఎక్కడ పోతుంది? నీళ్లు తేటపడతాయంతే. దిగి గీకాలి.”

“పాప చెవిలోనూ అదేనండీ. క్రిములు గుంపు కట్టి, తమ చుట్టూ జిగురు పొర అల్లుకుంటాయి. సిరప్ పైపైన తిరిగేవాటిని చంపుతుంది, చీము ఆగుతుంది. పొరలో దాక్కున్నవి మాత్రం అలాగే ఉంటాయి. జలుబు చెయ్యగానే మళ్లీ లేస్తాయి. మాకూ ఈమధ్యే తెలుస్తోంది.”

“అయితే దిగి గీకుతారా?”

“పసిపిల్ల చెవిలోకి దిగుతామా బాబాయిగారూ! నీళ్లు తీసేసి, ఆ గొట్టంతో లోపలికి గాలాడేలా చేస్తాం. వినికిడి వస్తుంది. అన్నట్టు, నూనె గానీ పోశారా?”

మా అమ్మాయి నా వైపు చూసింది. నేను ఫ్యాను వైపు చూశాను.

“కారే చెవిలో ఏదీ పొయ్యకండి” అంది డాక్టరమ్మ.

“ఏమంటావు నాన్నా?” అని అడిగింది మా అమ్మాయి. ఎన్నోసార్లు ట్యాంకులో దిగి మోకాళ్ల మీద కూర్చుని పాచి గీకినవాణ్ణి, ఇంకేమంటాను? చేయిద్దామన్నాను.

ఆపరేషన్ జరిగినంతసేపూ కొండలా నిబ్బరంగా కూర్చున్నాను. అబద్ధం. నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకలూ గుణదల మేరీమాతకు ఇచ్చుకుంటానని మొక్కేశాను.

తిరిగొచ్చేటప్పుడు బందరు రోడ్డులో మా ఆటో వెనకాలే ఒక బస్సు హారన్ కొట్టింది. పిల్ల ఉలిక్కిపడి నా ఒళ్లోకి దూరింది.

“బస్సమ్మా, బస్సు!” అన్నాను.

అది చేత్తో నా నోరు మూసి, “అరవకు తాతయ్యా” అంది.

అప్పుడు తెలిసింది. ఏడాదిగా ఇంటిల్లిపాదీ దానితో గొంతు చించుకునే మాట్లాడుతున్నాం. ఆటోవాడు కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. కాసేపాగి, అది బయటికి చూస్తుండగా, పెదవి దాటీ దాటనట్టు దాని పేరు పలికాను.

“ఏంటి తాతయ్యా?” అంది, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండానే.