రెండు గీతల బావ బ్యాకప్

మా అక్క మొగుణ్ణి అందరూ రెండు గీతల బావ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. కాలేజీ నన్ను భరించలేక వదిలేసింది గానీ, పేర్లు పెట్టే విద్యలో నాకు డాక్టరేటు రావాల్సింది.

బావ ఒక పళ్ల ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాడు. రోగుల వివరాలుండే డేటాబేస్‌కు కాపలా ఆయనే. మౌస్ ముట్టుకుంటే పరువు పోతుందనుకునే రకం. నల్ల తెర మీద ఆజ్ఞ కొట్టి, దాని వెనక రెండేసి గీతలు పెట్టి ఒక్కో షరతూ తగిలిస్తాడు. ఇంట్లోనూ అదే ధోరణి.

"కాఫీ, గీత గీత చక్కెర వద్దు" అంటాడు.

"గీత గీత నువ్వే కలుపుకో" అంటుంది అక్క.

ఆయన గొప్పంతా బ్యాకప్ గురించే. ఆ వివరాలన్నిటికీ నకలు రోజూ దానంతటదే తయారవుతుందట. "ఆసుపత్రి గాల్లో ఎగిరిపోయినా ఒక్క పన్ను వివరం కూడా పోదురా" అని నా ముందు కోతలు. నా ముందా! నేను తుమ్మితే వీధి చివర ట్రాఫిక్ సిగ్నల్ రంగు మారుతుంది.

ఆసుపత్రికి కొత్త సర్వర్ వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. దవడ వాచి, మొహం తలుపులో పట్టక, పక్కకు తిరిగి ఆయన గదిలోకి వెళ్లాను. డాక్టరమ్మ భోజనం చేసి వచ్చేలోపు వివరాలన్నీ కొత్త మిషన్‌లోకి ఎక్కాలి. పాతదాన్ని, కొత్తది అమ్మిన దుకాణం మనిషి తీసుకెళ్లి తుడిచేస్తాడు. బావ ముందే దాన్ని ఊడదీసి అతని చేతిలో పెట్టేశాడు. బ్యాకప్ ఉండగా భయమెందుకు?

బ్యాకప్‌ను కొత్త మిషన్‌లోకి ఎక్కించమని ఆజ్ఞ రాసి ఎంటర్ కొట్టాడు. నేను ఆవలించేలోపు అయిపోయింది.

"చూశావా స్పీడు!"

"ఏదీ, నా పేరు కొట్టు బావా."

కొట్టాడు. లేదు.

"నువ్వు సరిగ్గా రాయించుకుని ఉండవులే."

"అయితే నీ పేరు కొట్టు."

అదీ లేదు. అందరినీ చూపించమని అడిగాడు. తెర మీద ఒకే ఒక్క మనిషి, మా అమ్మ. ఆవిడా, ఆవిడ కట్టుడు పళ్లూ.

బావ గబగబా కీబోర్డు మీద పడ్డాడు. బ్యాకప్ ఆజ్ఞ తెరిచి చూస్తే, చివర్లో `--where`, దాని పక్కన రోగిగా మా అమ్మ నంబరు. ఆ షరతుకు సరిపడే రోగుల వివరాలు మాత్రమే తియ్యమని దానర్థం. మొదట్లో ఆజ్ఞ పనిచేస్తోందో లేదో చూడ్డానికి, ఆ పళ్లతో ఏదీ కొరుకుడు పడటం లేదని అస్తమానం ఫోన్ చేసి తిట్టే అత్తగారి మీద పరీక్షించాడు. ఆ తర్వాత షరతు తీసేయడం మరిచాడు. అప్పట్నుంచీ బ్యాకప్ నిష్ఠగా మా అమ్మనొక్కదాన్నే కాపాడుతోంది.

"ఓరి నాయనో, నా ఉద్యోగం!" అంటూ బావ చెప్పుల్లేకుండా మెట్లు దూకాడు. కింద వ్యాన్ అప్పుడే కదులుతోంది. వెళ్లి దానికి అడ్డంగా పడుకున్నాడు. ఊరికే నిలబడ్డాడనే వాళ్లూ ఉన్నారు. వాళ్లకు కథ చెప్పడం రాదు.

"అన్నా, తుడిచేశావా?"

"షాపుకెళ్లాక కదా సార్ తుడిచేది! లేవండి, బట్టలు మాసిపోతాయి."

పాత మిషన్ మళ్లీ పైకెక్కింది. ఈసారి బావ ఒక్కో అక్షరం కొడుతుంటే నేను పైకి చదివాను. `--where` లేదు. `--single-transaction` ఉంది. మధ్యలో ఎవరు వేలు పెట్టినా, మొదలుపెట్టిన క్షణంలో వివరాలు ఎలా ఉన్నాయో అలాగే వస్తాయట. ఫైలు ఉబ్బడం మొదలైంది. అంతలో డాక్టరమ్మ రానే వచ్చింది.

"ఏమయ్యా, అయిందా?"

పిడుగు పడిందని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బావ నన్ను మించిపోయి నిజం చెప్పేశాడు.

"మేడమ్, ఇన్నాళ్లూ నేను తీసింది మా అత్తయ్య ఒక్కావిడ బ్యాకప్."

"మరి మిగతా జనం పళ్లేవయ్యా?"

"వస్తున్నాయి మేడమ్."

వచ్చాయి. కొత్త మిషన్‌లోకి ఎక్కించాక ఆవిడే నిలబడి, గుర్తొచ్చిన పేరల్లా కొట్టి చూసింది. ప్రతి రోగీ తన పిప్పిపళ్లతో సహా ప్రత్యక్షమయ్యాడు.

"ఇకమీదట బ్యాకప్ తీశానని నాకు చెప్పకు. రోజూ దాన్ని వేరే మిషన్‌లో తెరిచి, నేనడిగిన రోగిని చూపించు. చూపించాకే ఆ కుర్చీలో కూర్చో."

"అలాగే మేడమ్" అన్నాడు బావ, కుర్చీలోంచి లేచి.

ఆవిడ వెళ్లగానే దుకాణం మనిషి తల దూర్చాడు. "ఇక తీసుకెళ్లమంటారా సార్?"

బావ పాత మిషన్‌ను రెండు చేతులా వాటేసుకున్నాడు.

"ఇవాళ్టికి దీన్ని ఉండనీ అన్నా. నీకంత తొందరగా ఉంటే ఆ కొత్తదాన్ని తీసుకెళ్లు."