పూజ చేసిన సర్వర్

"చెల్లాయ్, మీ వదిన ఇక లేదే" అని తెనాలి నుంచి అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను రేపల్లె బస్సులో ఉన్నాను. అందరి ముందూ భోరుమన్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వదిన బాపట్లలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వర్ చూసేది. నేను అక్కడే ఆఫీసులో గుమాస్తాని. పిల్లల మార్కులన్నీ ఆ ఒక్క మిషన్‌లోనే ఉండేవి. ఇంట్లో కూరకి ఉప్పు చూసేది కాదు గానీ, సాఫ్ట్‌వేర్ లోపాలు సరిచేసే ప్యాచ్ ఏది వచ్చినా ముందు పాత కంప్యూటర్ మీద వేసి చూడనిదే సర్వర్‌కి వేసేది కాదు మహాతల్లి!

ఒక ఏడు దసరా సెలవులిచ్చే రోజున ఆయుధపూజ చేసి సర్వర్‌కి బొట్లు పెట్టాం. మిషన్ నడుస్తూనే ఉంటుంది, పండగ వెళ్ళేదాకా ఎవరూ దాని మీద చెయ్యి వెయ్యకూడదు. అది ఆ కాలేజీ ఆచారం. కొబ్బరికాయ కొట్టిన కాసేపటికే కబురొచ్చింది. సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో లొసుగు బయటపడిందట, దాంట్లోంచి ఎవరైనా దూరి మార్కులు మార్చేయొచ్చట. దాన్ని పూడ్చే ప్యాచ్ కూడా వచ్చింది. సెలవుల్లో పిల్లలు మార్కులు చూసుకోవాలి కాబట్టి మిషన్ ఆపడానికి లేదు.

ప్రిన్సిపాల్ గారు చెరుకుపల్లి రైతుబిడ్డ, నిష్ఠ ఎక్కువ. "ఏంటమ్మా, పూజ చేసినదాన్ని కదిలిస్తారా? పండగయ్యాక చూద్దాం" అన్నారు.

"పారకి పూజ చేశామని, గట్టు తెగితే చూస్తూ కూర్చుంటారాండి?" అంది వదిన.

ఆవిడ పని అయిపోయిందనుకున్నాను. ఆవిడది టెంపరరీ ఉద్యోగం మరి! ఆయన బొట్లు పెట్టిన మిషన్ వంక చూశారు. చివరికి "కానివ్వమ్మా" అన్నారు. అందరూ బస్సులెక్కి ఊళ్ళకు పోయారు. వదిన పాత కంప్యూటర్ మీద వేసి చూసుకుని, దణ్ణం పెట్టుకుని, సర్వర్ ముందు కూర్చుంది.

సెలవులయ్యేసరికి ఇంకో కాలేజీలో మార్కులు తారుమారయ్యాయని గోల. మా పిల్లల మార్కు ఒక్కటీ చెదరలేదు. ఏమీ జరగలేదు గనక వదినకి ఎవరూ శాలువా కప్పలేదు. నాకు ఒళ్ళు మండింది. "ఏమీ జరక్కుండా చూడటమే కదే నా పని" అని వదిన నవ్వింది. మా వదిన అని చెప్పుకోవడం ఇవాళ్టికీ నాకు గొప్పే.

ప్రిన్సిపాల్ గారు మాత్రం మరిచిపోలేదు. మరుసటేడు నుంచి పూజలో దండ చేత్తో పట్టుకుని, "ఏమ్మా, ప్యాచ్‌లన్నీ అయ్యాయా?" అని అడిగేవారు. వదిన తెర మీంచి తలెత్తి "వెయ్యండి సార్" అన్నాకే సర్వర్‌కి దండ పడేది.

మొన్న ఆ పెద్దాయన వదిన ఆఖరి చూపుకి తెనాలి వచ్చారు. దండ పట్టుకుని వదిన దగ్గర నిలబడ్డారు, ఎంతకీ వెయ్యరు. జనం చూస్తున్నారు. కళ్ళు తుడుచుకుని నేనే అన్నాను, "వెయ్యండి సార్."