పడవలో ముందు సీటు

మా ఆయన పోయిన ఏడో నెలలో తమ్ముడు ఒక పడవ పట్టుకొచ్చాడు. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తెడ్డు వేసే సన్నటి ప్లాస్టిక్ పడవ. విశాఖ దగ్గర సముద్రంలో పొద్దున బయల్దేరి మధ్యాహ్నం దాటేదాకా తెడ్డు వేసే పోటీ ఉందట, అందులో మా ఇద్దరి పేర్లూ ఇచ్చేశాడట. వాడు ఫారెస్టులో బీట్ ఆఫీసర్. అడవిలో తిరిగి తిరిగి బుర్ర చెడిందనుకున్నాను.

"సముద్రం ఎన్నడన్న సూసినవారా నువ్వు?" అన్నాను.

"సూడలే. అందుకే పోదామంటున్న. ఆఫీసుకు పోతవ్, వస్తవ్, గోడను సూసుకుంట కూసుంటవ్. గిట్ల ఎన్ని రోజులు అక్కా?"

కాదనడానికి కూడా ఓపిక ఉండాలి. నా దగ్గర అది లేదు. సరే అన్నాను.

భద్రాచలం దగ్గర గోదావరిలో రోజూ తెల్లవారి రెండు గంటలు, ఆదివారమైతే ఐదు గంటలు తెడ్డు వేసేవాళ్ళం. నాది ముందు సీటు. వాడు వెనక కూర్చుని, నా వేగానికి తన తెడ్డు కలుపుతూ పడవను తిప్పేవాడు. వెనకున్నవాడికి ముందున్నవాళ్ళ వీపు కనిపిస్తుంది. ముందున్నవాళ్ళకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించవు. నాకు అదే హాయిగా ఉండేది.

మూడో వారంలో ఒకరోజు ఒడ్డుకొచ్చాక వాడు నా తెడ్డు చూసి "ఓర్నాయనో" అన్నాడు. పిడి నిండా నెత్తురు. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు పగిలి ఉన్నాయి. "నొస్తలేదానే?" అన్నాడు. నిజంగానే నొప్పి తెలియలేదు. పసుపు పెట్టి గుడ్డ కట్టి, తిట్టుకుంటూనే పెరుగన్నం కలిపి తినిపించాడు. వాడి మీద జాలి కలగాల్సింది. అదీ కలగలేదు.

పోటీవాళ్ళు ఒక జాబితా పంపారు. మనిషికి మూడు లీటర్ల మంచినీళ్ళు పడవలో ఉండాలని అందులో రాసి ఉంది. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. గోదావరి మీద ఎవరన్నా నీళ్ళు మోసుకుపోతారా? నడి ఏట్లోకి పోయాక దోసిలి పట్టి, కళ్ళకద్దుకుని తాగడమే. "ఏటి మీద పోతూ సీసా పట్టుకపోతే గోదారమ్మకు చిన్నతనమైతది" అనేది మా అమ్మ. సాధన చేసినన్నాళ్ళూ మేం ఒక్క సీసా ఎక్కించలేదు.

పోటీకి మూడు వారాల ముందు, సముద్రం కాస్త అలవాటవుతుందని, పడవను కిరాయి బండికి కట్టుకుని మారేడుమిల్లి ఘాట్ మీదుగా విశాఖ వెళ్ళాం. ఆ రోజు తమ్ముడు బుద్ధిగా ఆరు సీసాల నీళ్ళు తెచ్చి నా కాళ్ళ దగ్గర సర్దాడు. వాడు లైఫ్ జాకెట్ తెచ్చుకోవడానికి బండి దగ్గరికి పోయినప్పుడు ఒక అల వచ్చి పడవ ముక్కును ముంచింది. బరువెక్కువైందనిపించింది. సీసాలు తీసి ఇసుకలో పెట్టేశాను. నీళ్ళ మీదికి పోతూ నీళ్ళెందుకనుకున్నాను, అంతే. వాడికి చెప్పలేదు. చెప్పాలని తట్టలేదు కూడా.

ఎండ నెత్తిమీదికొచ్చేదాకా తెడ్డు వేస్తూనే ఉన్నాను. పడవ అలలకు అడ్డం తిరిగాక గానీ వెనక తెడ్డు ఆగిందని తెలియలేదు. చూస్తే తమ్ముడు పక్కకు ఒరిగి కక్కుతున్నాడు. దాహానికి ఆగలేక, గోదావరిలో తాగినట్టే దోసిలి పట్టి సముద్రం తాగాడు. ఉప్పని తెలిసీ మళ్ళీ మళ్ళీ తాగాడు. చేపల పడవవాళ్ళు చూసి, మాకు తాడు కట్టి ఒడ్డుకు లాక్కొచ్చారు.

దవాఖానాలో సెలైన్ ఎక్కుతుంటే సాయంత్రానికి కళ్ళు తెరిచాడు. నేనన్న మొదటి మాట ఇది: "పోటీకి ఇంక మూడు వారాలున్నది గదరా, తేరుకుంటవ్ లే." నా నోరు పడిపోను!



"నాలుగుసార్లు అడిగిన అక్కా. నీళ్ళున్నయా అంటే అవ్ అన్నవ్. ఇటియ్యి అంటే కూడా అవ్ అన్నవ్. నాకు కండ్లు తిరుగుతున్నయ్ అన్న. దానికీ అవ్ అన్నవ్."

నాకు గుర్తుంది. వెనక ఎవరో మాట్లాడుతున్నట్టు గుర్తుంది. ఇన్ని నెలలుగా ఎవరేమడిగినా అలాగే అంటున్నాను. తిన్నవా? అవ్. పడుకున్నవా? అవ్. ఒక్కరూ పట్టుకోలేదు.

"ఈసారి నువ్వు ముందు కూసో. నేను ఎనక కూసుంట. నిన్నే సూసుకుంట ఉంట" అన్నాను.

"వద్దక్కా. నీతోని పడవెక్కాలంటే నాకు భయమైతంది" అన్నాడు. కోపం కూడా లేదు గొంతులో. "మా ఇంటామెకు ఫోన్ జేసి రమ్మను. నువ్వు పో."

గోడవైపు తిరిగి పడుకున్నాడు. మా ఆయన పోయాక నన్ను వదిలిపెట్టనిది వీడొక్కడే. అప్పుడు ఏడుపొచ్చింది నాకు. మా ఆయన పాడె లేచిన రోజు కూడా రాని ఏడుపు. నర్సు వచ్చి భుజం పట్టుకునేంత గట్టిగా ఏడ్చాను. వాడు ఇటు తిరగలేదు.