ఎర్ర తీగకు అయస్కాంతం

మంటల మధ్య కూడా మనలను విడువని దేవునికి స్తోత్రం.

దూలపల్లిలో నేను కరెంటు కొలిమి నడిపిన ఫ్యాక్టరీకి ఒక ముసలి ఎలక్ట్రీషియన్ వచ్చేవాడు. కొలిమి వేడిని కొలిచే థర్మోకపుల్ తీగను బిగించే ముందు, దాని రెండు రంగుల కొసలకూ జేబులోని చిన్న అయస్కాంతాన్ని తాకించి చూసేవాడు. మేము నవ్వుకునేవాళ్లం.

ఒకరోజు ఆయన రాకముందే కొత్త తీగను నేనే బిగించాను. ఎర్ర కొస అంటే ప్లస్ అనుకున్నాను. కొలిమి రాజుకుంటుంటే మీటరులో అంకె పడిపోసాగింది. కొలిమికి కరెంటును వదిలేదీ ఆ మీటరే; వేడి చాలలేదనుకుని ఇంకా ఇంకా పంపింది. కొలిమి తలుపు ఎర్రబడింది. దాని పక్కనే ఇద్దరు పనివాళ్లున్నారు. కళ్లు మూసుకుని "ప్రభువా" అన్నాను.

"ప్రార్థన తర్వాత జేద్దువు గని, ముందుగాల కరెంటు బంద్ జెయ్ బిడ్డా!" అని అరుస్తూ ఆయనే వచ్చి స్విచ్ దించాడు. తర్వాత తీగ విప్పి చూపాడు. అయస్కాంతానికి ఎర్ర కొస అతుక్కుంది.

"అతుక్కునేది మైనస్. గీ తీగల ఎరుపు మైనసే."

అయస్కాంతాన్ని జేబులో వేసుకోబోయి ఆయన రెండుసార్లు కింద పడేశాడు. "నువ్వు గూడ భయపడ్డవా, పెద్దాయనా?" అన్నాను.

"భయం లేనోడు గీ పనికి రావొద్దు."

ఈరోజు ఎక్కడో ఒక తప్పుడు అంకెను నమ్మి మంట ముందు నిలబడినవారి కోసం, దయచేసి నాతో కలిసి ప్రార్థించండి.