గంగులయ్య పాత అడ్రసు

ఇందుమతిది పులివెందుల. తండ్రి బస్టాండు వెనక వీధి గుడిలో అర్చకుడు. కంప్యూటర్ చదువు ముగించి, ప్రొద్దుటూరు శివారులో కొత్తగా పెట్టిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో మెయిల్ సర్వర్ చూసుకునే ఉద్యోగంలో చేరింది. అప్పటికింకా పల్లెల్లో బాంబుల మోత పూర్తిగా ఆగలేదు. ఎన్నికలొస్తే బస్సులు నిలిచిపోయేవి, జీపులు తిరిగేవి. కాలేజీ గోడల లోపల మాత్రం పార్టీల మాట ఎత్తకూడదని యాజమాన్యం కట్టడి చేసింది. ఇందుమతికి ఆ కట్టడి నచ్చింది. సర్వర్ గది తలుపు మూసుకుంటే మిషన్ల హోరులో బయటి లోకం చప్పుడే వినపడేది కాదు.

కాలేజీలో చేరేవాళ్లతో పాటు మానేసి వెళ్లేవాళ్లూ ఎక్కువయ్యారు. వాళ్ల పాత అడ్రసులకు మెయిళ్లు వస్తూనే ఉండేవి. ఒకరోజు ప్రిన్సిపాల్ పిలిచి, "యాడికి పోయినారో పంపినోళ్లకు తెలియాల కదమ్మా. ఏదైనా దారి చూడు" అన్నాడు.

దారి సర్వర్‌లోనే ఉంది. ఒక చిన్న ఫైలు. ఎడమ వైపు పాత అడ్రసు, దానికెదురుగా కుడి వైపు కొత్తది రాసి పెడితే చాలు. పాత అడ్రసుకు ఎవరు మెయిల్ పంపినా సర్వర్ తీసుకోదు. 'ఈ మనిషి ఫలానా చోటికి మారిపోయాడు' అని అప్పటికప్పుడే జవాబు చెప్పి తిప్పి పంపేస్తుంది. ఇందుమతి ఆఫీసు నుంచి వివరాలు తెప్పించుకుని అందరివీ ఎక్కించింది. అందులో గంగులయ్యదీ ఉంది.

గంగులయ్య కెమిస్ట్రీ లెక్చరర్. జమ్మలమడుగు పక్క పల్లెలో గొర్రెలు మేపుకునే ఇంట్లో పుట్టి చదువుకున్నవాడు. అతని అన్న కృష్ణయ్య ఊళ్లో ఒక పార్టీ మనిషి. మైలవరం దారిలో ఆటో ఆపి కృష్ణయ్యను చంపారు. అదే ఆటోలో గంగులయ్య కూడా ఉన్నాడు. చంపినవాళ్లను చూసిన సాక్షి అతనొక్కడే. కొన్నాళ్లకు ఉద్యోగం మానేసి హోసూరులో ఒక మందుల కంపెనీలో చేరాడు. కొత్త అడ్రసు చివర ఆ కంపెనీ పేరుంది. ఆ పేరు చూస్తే మనిషి ఎక్కడున్నాడో ఎవరైనా చెప్పేస్తారు. ఎక్కించేటప్పుడు ఇందుమతికి ఆ ఆలోచనే రాలేదు.

వానాకాలంలో గంగులయ్య ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడాడు.

"మేడమ్, నా కొత్త అడ్రసు ఎవురికన్నా ఇచ్చినారా?"

"లేదే. ఏమైంది?"

"ఒక మెయిల్ వచ్చింది. ఒకటే మాట. 'హోసూరులో చలి ఎట్లుంది సారూ' అని. ఈ అడ్రసు కాలేజీ ఆఫీసుకు తప్ప మా అమ్మకు గూడా చెప్పలేదు."

ఇందుమతికి అప్పుడు ఆ ఫైలు గుర్తొచ్చింది. ఎవరికీ ఇవ్వలేదు నిజమే. అడిగినవాళ్లందరికీ సర్వర్ చెప్పేస్తోంది. ఆ సంగతే అతనికి చెప్పింది.

"సరే మేడమ్. ఈడ నుంచి గూడా పోతాండా. ఈసారి యాడికో మీకు గూడా చెప్పను" అని పెట్టేశాడు.

ఆమె వెంటనే ఫైలులో గంగులయ్య వరస తీసేసింది. తర్వాత పాత రికార్డు తిరగేసింది. గంగులయ్య అడ్రసుకు ఒకే మనిషి, వారం వారం, జమ్మలమడుగు సంత రోజున మెయిల్ పంపుతున్నాడు. ప్రతిసారీ సర్వర్ కొత్త అడ్రసు చెప్పింది. కృష్ణయ్యను చంపినవాళ్ల మనిషే అనుకుంది. తెలిశాక కూడా వాళ్లు మళ్లీ మళ్లీ ఎందుకు అడుగుతున్నారో ఆమెకు అర్థం కాలేదు. ఇకమీదట ఏ జవాబూ పోకుండా, వచ్చిన మెయిల్ లోపలికి తీసుకుని ఊరుకునేలా మార్చింది.

తర్వాతి సంత రోజున మెయిల్ వచ్చింది. తెరిచి చూసింది. లోపల ఏమీ లేదు. ఒక్క అక్షరం లేదు. ఆ తర్వాతి వారం కూడా అంతే. ఆ తెల్లటి ఖాళీని చూస్తుంటే, తలుపు అవతల ఎవరో మాట్లాడకుండా నిలబడి వింటున్నట్టనిపించి ఆమె స్క్రీన్ ఆపేసింది.

ఇంకో వారానికి ఒకాయన కాలేజీకి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా, మెత్తటి మాట. ఎవరో బంధువుల పిల్లకు సీటు గురించి అడిగి, వెళ్తూ వెళ్తూ సర్వర్ గది ముందు ఆగాడు.

"మెయిల్ చూసేది నువ్వేనా తల్లీ? మీ మిషన్ ఇంతకుముందు బాగా పలుకుతాండె. ఇప్పుడేంది, నోరు మూసుకునింది?"

ఇందుమతి, "రిపేరులో ఉంది" అంది.

ఆయన నవ్వాడు. "రిపేరు చేయించు. మీ నాయన బాగుండాడా? పొద్దున హారతి మనమే తీసుకున్యాం. శానా మంచి మనిషి."

ఆమె పులివెందులకు ఫోన్ చేస్తే తండ్రి, "ఎవరో పెద్దమనిషి, నిన్ను గురించి అడిగినాడు" అని సంతోషంగా చెప్పాడు. ఆ రోజు నుంచి ఆమెకు సర్వర్ హోరులో మాటలు వినపడుతున్నట్టుండేది. ఉద్యోగం మానేద్దామనుకుంది. మానేస్తే ఆ కుర్చీలో కూర్చునేవాళ్లు మళ్లీ ఆ మిషన్‌ను పలికిస్తారేమోనన్న భయంతో ఆగిపోయింది.

అలాంటి రోజుల్లో గఫూర్ వచ్చాడు. జమ్మలమడుగులో నెట్ సెంటర్ నడుపుతాడు. గంగులయ్యతో కలిసి చదువుకున్నవాడు.

"మేడమ్, ఆ మెయిళ్లు పంపేది నేనే. గంగులయ్య వాళ్లమ్మ అక్కమ్మ సంతకొచ్చినప్పుడు పంపిస్తాది. ఏం రాయనీదు. 'మాట దొరికితే మనిషి దొరుకుతాడు నాయనా, ఊరికే తలుపు తట్టు' అంటాది. మారిపోయినాడని జవాబు రాంగానే కండ్లకద్దుకుని పోతాండె. అది వాడే చెప్తాండాడనుకునింది. ఇప్పుడు జవాబు రాకపోయేతలికి కొడుకు చచ్చిపోయినాడని అన్నం ముట్టడం లేదు."

"మీ స్క్రీన్ ఇంకెవరన్నా చూసినారా?"

గఫూర్ తల దించుకున్నాడు. "ఒగనాడు ఒకాయన వెనక కుర్చీలో కూసోని ఉన్యాడు. జవాబు రానినాడు గూడా వచ్చినాడు. తెల్లచొక్కా."

ఇందుమతి అతనితోనే జమ్మలమడుగు వెళ్లింది. అక్కమ్మ నెట్ సెంటర్ గుమ్మం పక్కన గొంగడి కప్పుకుని కూర్చుని ఉంది. ఇందుమతి చెయ్యి పట్టుకుని, "పలికేది నా కొడుకేనా పాపా?" అని అడిగింది. ఇందుమతి మిషన్ అని చెప్పబోయింది. ఆ ముఖం చూసి చెప్పలేకపోయింది.

"వచ్చే వారం పలుకుతాడులేమ్మా" అంది.

కాలేజీకి తిరిగొచ్చి గంగులయ్య వరస మళ్లీ రాసింది. కుడి వైపు అడ్రసే ఉండాలని లేదు, ఏ మాట పెట్టినా సర్వర్ అదే చెబుతుంది. 'వేరే చోటికి' అని మాత్రం పెట్టింది. తెల్లచొక్కా మనిషి అడిగినా అంతకుమించి తెలియదు. వారం వారం ఖాళీ మెయిల్ రావడం, 'వేరే చోటికి మారిపోయాడు' అని సర్వర్ చెప్పడం మళ్లీ మొదలైంది. గంగులయ్య నుంచి మాత్రం ఏ కబురూ లేదు. అతను బతికున్నాడో లేదో ఇందుమతికి తెలియదు. సర్వర్ చెప్పేది నిజమో కాదో కూడా తెలియదు.

సాక్షి రాక కేసు కొట్టేశారు. తర్వాతి ఎన్నికలకు రెండు వర్గాలూ ఒకే పార్టీ జెండా కింద చేరాయి. తెల్లచొక్కా మనిషి మళ్లీ రాలేదు.

ఒక ఎండాకాలం గఫూర్ ఫోన్ చేశాడు. "అక్కమ్మ పోయింది మేడమ్. తల కొరివి పాలోళ్లు, దాయాదులే పెట్టినారు. కొడుకు రాలేదు."

ఇక మెయిల్ రాదనుకుంది ఇందుమతి. మరుసటి వారం సంత రోజున వచ్చింది. పంపిన అడ్రసు ఎన్నడూ చూడనిది. గఫూర్‌ను అడిగితే తను పంపలేదన్నాడు.

పంపింది ఆ చంపినవాళ్లయినా కావాలి, గంగులయ్యయినా కావాలి. వాళ్లయితే ఏమీ చెప్పకూడదు. అతనైతే చెప్పకుండా ఉండకూడదు. ఆలోచించగా ఆలోచించగా, వాళ్లకు ముందే తెలిసిన మాట చెబితే తప్పులేదనిపించింది. గంగులయ్య వరసలో 'వేరే చోటికి' తీసేసి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు కొట్టింది: 'అమ్మ కాలం చేసింది. ఊరికి రావద్దు.'

మరుసటి సంత రోజున ఆ కొత్త అడ్రసు నుంచే మెయిల్ వచ్చింది. సర్వర్ ఆ మాటలే చెప్పి తిప్పి పంపింది. కాసేపటికి మళ్లీ వచ్చింది. మళ్లీ చెప్పింది. సాయంత్రం దాకా అలా వస్తూనే ఉంది, సరిగా వినపడనివాడు మళ్లీ మళ్లీ అడుగుతున్నట్టు. ఆ తర్వాత ఆగిపోయింది.

గంగులయ్య పాత అడ్రసుకు మరెన్నడూ మెయిల్ రాలేదు.