సోల అడుగున మైనం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మనిషికి సోలెడు లెక్కన బియ్యం కొలిచేవాళ్ళం. సోలంటే ఇప్పటి గ్లాసంత ఇత్తడి పాత్ర. నాన్న, అమ్మ, నాయనమ్మ, నేను కలిసి నాలుగు సోలలు. కొలిచాక అందులోంచే ఒక పిడికెడు తీసి గుడికి, అంటే మా చర్చికి, ఇచ్చే కుండలో వేసేవాళ్ళం. కోడూరు దగ్గర మా ఊళ్ళో ప్రార్థనకి వెళ్ళే ప్రతి ఇంట్లోనూ ఆ కుండ ఉండేది. తొమ్మిదేళ్ళకే కొలిచే పని నా చేతికొచ్చింది, దానికి నాకు కాస్త గర్వం కూడాను.

ఆ ఏడు నాట్లప్పుడు నాన్న జ్వరంతో పోయాడు. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు రాలేదు. రాతిగుండె పిల్లని చుట్టాలు అనుకున్నారు. వారం తిరక్కుండానే అమ్మ పొలం పనులకి వెళ్ళసాగింది. నేను ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుని నాలుగు సోలలు కొలిచాను. మర్నాడూ నాలుగే. మూడు చాలని తెలియక కాదు. మూడో సోల పోశాక చెయ్యి దానంతటదే మళ్ళీ బస్తాలోకి వెళ్ళేది.

మిగిలిన అన్నం ముసురుకి పాడైపోతే కోళ్ళకి వేసేవాళ్ళం. బస్తా చూస్తుండగానే తరిగిపోతోంది.

"కోతల దాకా ఈ బియ్యం రాకపోతే దీన్ని బందరు బోర్డింగులో వేసేస్తానత్తా. అక్కడన్నా కడుపు నిండా తింటది," అంది అమ్మ ఒక సాయంత్రం నాయనమ్మతో.

నేను విన్నాను. అంతకు ముందు బోర్డింగు మాటెత్తితే మంచం కింద దూరేదాన్ని. ఇప్పుడు ఆ భయం కూడా ఎటో పోయింది. మర్నాడు మళ్ళీ నాలుగు కొలిచాను.

నాయనమ్మ నన్ను తిట్టలేదు. పోయింది ఆవిడ కొడుకు. ఆవిడా మాటలు తగ్గించేసింది. కొన్నాళ్ళకి అన్నం మిగలడం మానేసింది, బస్తా కూడా నెమ్మదించింది. ఒకరోజు సోల తోముతుంటే అడుగున వేళ్ళకి ఏదో నున్నగా తగిలింది. క్రిస్మస్‌కి వెలిగించగా మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, సోలలో పావు వంతు పోసేసింది నాయనమ్మ. నేను నాలుగు కొలిస్తే గిన్నెలో మూడు సోలల బియ్యమే పడుతున్నాయి. సంతలో మోసగాళ్ళు చేసే పని అది. మా నాయనమ్మేమో ప్రార్థనలో ముందు వరసలో కూర్చునే మనిషి.

"ఇది దొంగ కొలత కాదా నాయనమ్మా?" అని అడిగాను.

"దొంగదే. దేవుడి పిడికెడు తగ్గించలేదుగా, ఆయనకి నేను చెప్పుకుంటాలే. నువ్వు నాలుగే కొలుచుకో తల్లీ," అంది.

బస్తా కోతల దాకా వచ్చింది. అమ్మ మళ్ళీ బోర్డింగు ఊసెత్తలేదు. కొత్త బియ్యం ఇంటికొచ్చిన రోజు నాయనమ్మ సోలని వేడినీళ్ళలో పెట్టి, మైనం తీసేసి, తుడిచి నా చేతికిచ్చింది. మూడు కొలిచాను. చెయ్యి ఆగింది. నాన్న పోయిన అన్ని నెలలకి అప్పుడు ఏడ్చాను. నాయనమ్మ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది.

పోయిన వేసవిలో మా ఆయన పోయారు. ఇప్పుడు చల్లపల్లిలో కొడుకు, కోడలు, మనవరాలు, నేను ఉంటున్నాం. కుక్కర్లో బియ్యం పోసే పని నాదే. నలుగురికి ఐదు కప్పులు పోస్తూ వచ్చాను. మిగిలిన అన్నంతో రోజూ పులిహోరే, దాన్ని చూస్తేనే మనవరాలు మొహం తిప్పుకుంటోంది. నాకు మాత్రం ఏమీ అనిపించడం లేదు, అచ్చం అప్పటిలాగే.

మొన్న బియ్యం డబ్బాలో కొత్త కప్పు కనిపించింది. పాతదానికన్నా కాస్త చిన్నది.

"పాతది పగిలిపోయిందండీ అత్తయ్యా," అంది కోడలు, నా మొహంలోకి చూడకుండా.

పాత కప్పు పగల్లేదు. అటక మీద పచ్చడి జాడీ వెనక ఉండగా నేనే చూశాను. నాయనమ్మ సోల సంగతి ఈ పిల్లకి పెళ్ళైన కొత్తలో ఎప్పుడో చెప్పాను, మరిచిపోయి ఉంటుందనుకున్నాను. చెయ్యి ఆగే రోజు దానంతటదే వస్తుంది, అంతవరకూ తొందరపెట్టకూడదు. నాయనమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఇంతే.

కోడల్ని ఏమీ అడగలేదు. కొత్త కప్పు తీసుకుని ఐదు కొలిచాను.